పులస ఎదురీత, ఫ్లెమింగో ప్రయాణం.. వలస జీవుల దారి మూసుకుపోతే ఏమవుతుంది? పరిశోధనలు చెప్తున్నదేంటి?

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే చాలు.. కోనసీమ నుంచి యానాం దాకా పులస మాటే. చలి మొదలైందంటే సూళ్లూరుపేట వైపు ఫ్లెమింగోల సందడి. ఒకటి నీళ్లలో ఎదురీదుతూ వస్తుంది, ఇంకొకటి ఆకాశంలో ఎగురుతూ వస్తుంది. చూడ్డానికి వీటికి ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ రెండింటి కష్టం ఒకటే. పుట్టేది ఒకచోట, పెరిగేది ఇంకోచోట. మధ్యలో దారి ఎక్కడ తెగినా రెండు చోట్లా ఆ జాతి తగ్గిపోతుంది.

పులస ధర ఏటా ఎందుకు పెరుగుతోంది? మన పక్షులు నిజంగానే సైబీరియా నుంచి వస్తున్నాయా? పక్క దేశం బంగ్లాదేశ్ ఈ చేపను ఎలా కాపాడుకుంది? పూర్తి వివరాలు ఇవీ..

ముఖ్యాంశాలు

- వలస వెళ్లే మంచినీటి చేపల సంఖ్య 1970-2020 మధ్య ప్రపంచవ్యాప్తంగా సగటున 81 శాతం తగ్గిందని 2024లో వచ్చిన అంతర్జాతీయ నివేదిక చెప్పింది.
- వలస జీవులపై ఐక్యరాజ్యసమితి 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం ఒప్పందం జాబితాలోని 1,189 జాతుల్లో 44 శాతం జాతుల సంఖ్య తగ్గుతోంది. ఆ జాబితాలోని చేపల్లో 97 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి.
- మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పులస నదిలోకి వచ్చేది ఆ తర్వాతే.

విలస ఎప్పుడు పులస అవుతుంది?

పులస శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలిషా. బెంగాలీలకు ఇది ఇలిష్. దేశంలో మిగతా చోట్ల హిల్సా. మన దగ్గర మాత్రం ఒకే చేపకు రెండు పేర్లు. సముద్రంలో ఉంటే విలస, గోదావరిలోకి ఎదురీది వస్తే పులస.

ఈ పేరు మార్పు వెనుక అసలైన శరీరధర్మం ఉంది. సముద్రంలో ఉన్నప్పుడు ఈ చేప ఒంట్లోకి చేరే ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. మంచినీళ్లలోకి రాగానే పని తిరగబడుతుంది. ఇప్పుడు ఉన్న లవణాలను ఒంట్లో నిలుపుకోవాలి, అదనంగా చేరే నీటిని బయటికి పంపాలి. అందుకే నేరుగా నదిలోకి దూసుకురాదు. ఉప్పునీరు, మంచినీరు కలిసే సంగమం దగ్గర అలవాటు పడి పైకి కదులుతుంది. సముద్రంలో దాచుకున్న కొవ్వే ఈ ఎదురీతకు ఇంధనం. ఏటికి ఎదురీదిన చేపకు రుచి ఎక్కువని గోదావరి వాళ్లు చెప్పేది ఈ దశ గురించే.

వచ్చేది గుడ్లు పెట్టడానికే. పరిమాణాన్ని బట్టి ఒక్కో ఆడ చేప లక్ష నుంచి 20 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, తర్వాత సముద్రానికి వెళ్లిపోతాయి. పెద్దయ్యాక మళ్లీ నది బాట పడతాయి.

అన్ని చేపలదీ ఇదే దారి కాదు. పండుగప్ప, మలుగు ఇందుకు రివర్స్. ఇవి మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు వెళ్తాయి. నీలకంఠ రొయ్య కూడా నదిలో పెరిగినా పిల్లల కోసం సంగమం దగ్గరి ఉప్పునీటికి దిగాల్సిందే. అంటే నదికి అడ్డుకట్ట పడితే పైకి వచ్చే చేపలకే కాదు, కిందికి వెళ్లే చేపలకూ దెబ్బే.

ధవళేశ్వరం దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య కట్టారు. డెల్టా అన్నపూర్ణ అయ్యింది దాంతోనే. దాని స్థానంలో వచ్చిన బ్యారేజీయే ఇప్పుడున్నది. సముద్రం నుంచి గౌతమి, వశిష్ఠ పాయల గుండా వచ్చే పులసకు అక్కడే దారి ఆగిపోతుంది. అందుకే పులస వేట అంతా బ్యారేజీకి దిగువనే జరుగుతుంది.

ఈ సమస్య గోదావరిది మాత్రమే కాదు. కావేరిపై 1934లో మెట్టూరు డ్యామ్ పూర్తయ్యాక అక్కడ హిల్సా బాగా తగ్గిపోయింది. ఇక గంగలో ఒకప్పుడు ఈ చేప అలహాబాద్, ఆగ్రా దాకా వెళ్లేది. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఎగువన దాదాపు కనుమరుగైంది. గంగ ఒడ్డున తరతరాలుగా ఈ వేట మీద బతికిన మత్స్యకార కుటుంబాలకు ఒక సీజనే లేకుండా పోయింది.

ఆనకట్టలు చేపల దారిని మూసేస్తున్నాయన్న హెచ్చరిక కొత్తదేం కాదు. భారతదేశ చేపలపై విస్తృతంగా పని చేసిన ఫ్రాన్సిస్ డే 1870ల్లోనే ఈ విషయాన్ని ప్రభుత్వం దృష్టికి తెచ్చారు.

మరి చేపల కోసం మెట్లు కట్టొచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. అమెరికా, యూరప్ నదుల్లో సాల్మన్ చేపల కోసం ఇలాంటి ఫిష్ ల్యాడర్లు ఉన్నాయి. కానీ సాల్మన్ ఎగిరి దూకే చేప. హిల్సా అలా దూకదు, గుంపుగా ఈదుకుంటూ పోతుంది. సాల్మన్‌కు సరిపోయిన డిజైన్ దీనికి పనికిరాలేదు. అందుకే ఫరక్కా దగ్గర పడవల కోసం కట్టిన లాక్ గేటును చేపల దారిగా కూడా వాడాలన్న ఆలోచన వచ్చింది. సీజన్‌లో రోజులో కొన్ని గంటలు గేట్లు తెరిచి ఉంచితే చేపలు ఎగువకు వెళ్తాయన్నది దీని లెక్క.

కోల్‌కతా దగ్గర బారక్‌పూర్‌లో ఉన్న కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ ఇంకో ప్రయత్నం చేస్తోంది. ఫరక్కా దిగువన దొరికిన బతికున్న హిల్సాలను ఎగువన వదులుతోంది. కొన్నింటికి ట్యాగులు వేసి, ఎవరికైనా దొరికితే చెప్పమని మత్స్యకారులను కోరుతోంది. ఎక్కడ ట్యాగ్ వేశారు, ఎన్ని రోజుల తర్వాత ఎక్కడ దొరికింది.. ఈ రెండు వివరాలతోనే చేప వేగం, దారి తెలుస్తాయి. ఇక్కడ వల వేసేవాళ్లు కూడా పరిశోధనలో భాగస్వాములే.

చెవిలో ఎముక.. చేప జీవిత చరిత్ర

చేప ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పే ఇంకో ఆధారం దాని తలలోనే ఉంటుంది. పేరు ఓటోలిత్. చెవి భాగంలో ఉండే చిన్న గట్టి రాయి లాంటిది. చెట్టు కాండంలో వలయాల్లా ఇది పొరలు పొరలుగా పెరుగుతుంది. ఆ సమయంలో చేప ఉన్న నీళ్లలోని మూలకాలు ఆ పొరలో చేరతాయి. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం ఎక్కువ, నదిలో సాధారణంగా తక్కువ. కాబట్టి ఏ పొరలో స్ట్రాన్షియం ఎంత ఉందో కొలిస్తే ఆ వయసులో చేప ఉప్పునీళ్లలో ఉందో, మంచినీళ్లలో ఉందో తెలిసిపోతుంది. బంగాళాఖాతం హిల్సాలపై ఈ పద్ధతిలో పరిశోధనలు జరిగాయి.

దీనివల్ల మనకు లాభం ఏంటి? ఏ వయసు చేపకు ఏ నీళ్లు కావాలో తెలిస్తే, ఎక్కడ, ఏ నెలలో వేట ఆపాలో కచ్చితంగా చెప్పొచ్చు. గుడ్డిగా నిషేధం పెట్టి మత్స్యకారుల కడుపు కొట్టాల్సిన పని ఉండదు.

బంగ్లాదేశ్ ఏం చేసింది?

ప్రపంచంలో దొరికే హిల్సాలో అధిక భాగం బంగ్లాదేశ్‌దే. అది ఆ దేశ జాతీయ చేప. 2002-03లో అక్కడి దిగుబడి సుమారు 2 లక్షల టన్నులకు పడిపోయింది. అప్పుడు ఆ దేశం తీసుకున్న చర్యలు ఇవీ..

- పిల్ల హిల్సాలను అక్కడ జట్కా అంటారు. 25 సెంటీమీటర్ల లోపు ఉన్నవాటిని నవంబర్ నుంచి జూన్ దాకా పట్టకూడదు.
- పిల్లలు పెరిగే నదీ భాగాలను గుర్తించి, మొత్తం 6 అభయారణ్యాలుగా ప్రకటించారు.
- గుడ్లు పెట్టే అక్టోబర్ పున్నమి రోజుల చుట్టూ వేట పూర్తిగా బంద్. మొదట్లో తక్కువ రోజులే ఉన్నా, తర్వాత 22 రోజులకు పెంచారు. ఆ రోజుల్లో పట్టడమే కాదు.. రవాణా, నిల్వ, అమ్మకం కూడా నేరమే.
- వేట ఆగిన నెలల్లో పేద మత్స్యకార కుటుంబాలకు బియ్యం ఇస్తున్నారు. జట్కా నిషేధానికి సంబంధించి నెలకు 40 కిలోల చొప్పున 4 నెలలు.

ఫలితం కనిపించింది. 2017-18 నాటికి దిగుబడి 5 లక్షల టన్నులు దాటింది. అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2022-23లో 5.71 లక్షల టన్నులకు చేరిన దిగుబడి మరుసటి ఏడాది 5.29 లక్షల టన్నులకు తగ్గింది. నది మొగల్లో పూడిక, కాలుష్యం, సన్న కన్ను వలలు ఇంకా ఉన్నాయి. నిషేధం ఒక్కటే మందు కాదన్నమాట.

పశ్చిమ బెంగాల్‌లోనూ 23 సెంటీమీటర్ల లోపు హిల్సాలను పట్టడం నిషేధం.

మన నిషేధం ఎప్పుడు? పులస వచ్చేది ఎప్పుడు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో మరబోట్లు, మోటారు బోట్లతో వేటకు వెళ్లకూడదు. చాలా సముద్రపు చేపలకు ఇది మేలు చేస్తుంది. కానీ పులస సీజన్ జులైలో వరద నీటితో మొదలై సెప్టెంబర్ దాకా సాగుతుంది. అంటే నిషేధం అయిపోయాకే అది నది మొగ దగ్గరికి చేరుతుంది. గుడ్లతో పైకి వచ్చే సమయంలోనే వలలు ఎదురుగా ఉంటాయి.

పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత ఉన్న చోట గిరాకీకి కొదవ ఉండదు. సీజన్‌లో ఒక్కో చేప వేల రూపాయలకు వేలంలో పోతుంది. దొరికేవి తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది, ధర పెరిగేకొద్దీ వేట పెరుగుతుంది. చిన్న పడవ మీద బతికే మత్స్యకారుడికి ఆ ఒక్క చేప చాలా రోజుల కూలితో సమానం. అతన్ని వద్దనాలంటే చేతిలో ప్రత్యామ్నాయం పెట్టాలి. బంగ్లాదేశ్ బియ్యం పథకం చెప్పే పాఠం అదే.

ఇంకో విషయం.. పులస పేరుతో మార్కెట్లో అమ్మేవన్నీ పులసలు కావు. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో వచ్చే హిల్సాలను, మన సముద్రంలోనే పడిన విలసలను కూడా పులసగా చెప్పి అమ్ముతుంటారు. జాతి ఒకటే కాబట్టి కొనేవాళ్లు కనిపెట్టడం కష్టం. దీనివల్ల జేబుకు చిల్లు పడటమే కాదు, నదిలో నిజంగా ఎన్ని దొరుకుతున్నాయన్న లెక్క కూడా తప్పుతుంది.

పక్షులు: నిజంగా సైబీరియా నుంచేనా?

ఇప్పుడు ఆకాశం వైపు వద్దాం. వలస పక్షి అనగానే మనకు గుర్తొచ్చే పేరు సైబీరియా. కొన్నింటి విషయంలో అది నిజమే. చలికాలంలో మన చెరువులకు వచ్చే సూదితోక బాతులు, ఉల్లంకి పిట్టల్లో చాలా జాతులు ఉత్తరాన, మధ్య ఆసియాలో గుడ్లు పెట్టి వస్తాయి. పట్టెతల బాతు హిమాలయాలను దాటి వస్తుంది. శాటిలైట్ ట్యాగులతో చేసిన పరిశోధనలో ఒక పట్టెతల బాతు 7,290 మీటర్ల ఎత్తులో ఎగిరినట్లు తేలింది. పల్చటి గాలిలోనూ ఆక్సిజన్‌ను బాగా పట్టుకునే హిమోగ్లోబిన్ దీనికి ఉంది.

కానీ నేలపట్టు, తేలినీలాపురం, ఉప్పలపాడు, ఆటపాకల్లో గూళ్లు కట్టే గూడబాతులు సైబీరియావి కావు. ఇవి దక్షిణ, ఆగ్నేయ ఆసియా పక్షులు. ఎర్రకాళ్ల కొంగలూ అంతే. నీళ్లు, చేపలు ఎక్కడ ఉంటే అక్కడికి దేశం లోపలే తిరుగుతూ, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. పులికాట్‌కు వచ్చే పెద్ద ఫ్లెమింగోలకు మన దేశంలో ప్రధాన సంతానోత్పత్తి కేంద్రం గుజరాత్‌లోని కచ్ రణ్.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? సైబీరియా పక్షి అయితే మనం చలికాలం అతిథిగా చూసుకుంటే సరిపోతుంది. గూడబాతు విషయంలో మనదే పుట్టిల్లు. ఇక్కడ గూడు పోతే వేరే చోట నుంచి వచ్చి పూడ్చేవాళ్లు లేరు.

కొల్లేరు చరిత్రే ఇందుకు సాక్ష్యం. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు ప్రాంతంలో గూడబాతుల కాలనీని 1946లో పక్షి పరిశోధకుడు కె.కె.నీలకంఠన్ గుర్తించారు. అప్పట్లో అక్కడ దాదాపు 3 వేల గూడబాతులు ఉండేవి. ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు. పక్షులు వస్తే పంటకు మంచిదని జనం నమ్మేవాళ్లు. 1975 నాటికి ఆ కాలనీ కనిపించకుండా పోయింది. తర్వాత కొల్లేరును 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆక్రమణ చేపల చెరువుల గట్లను తొలగించారు. ఇప్పుడు ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పెడితే, వాటి మీదే గూడబాతులు గూళ్లు కడుతున్నాయి.

కాలికి రింగు నుంచి శాటిలైట్ దాకా

మన దేశంలో పక్షులకు రింగులు వేసే పనికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ముందుంది. 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో సలీం అలీ నాయకత్వంలో ఇది పెద్ద ఎత్తున మొదలైంది. పక్షులు రోగాలను మోసుకొస్తున్నాయా అన్నది అప్పటి ప్రశ్న. ఆ పనిలోనే వలస దారుల మీద విలువైన సమాచారం పోగైంది.

ఇప్పుడు కొన్ని గ్రాముల బరువుండే ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. నాగాలాండ్ అనుభవం అందరికీ తెలిసిందే. 2012లో దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర అముర్ ఫాల్కన్ అనే చిన్న డేగలను వలలతో వేల సంఖ్యలో పట్టి చంపారు. ఆ వీడియోలు బయటికొచ్చాక గ్రామ సభలు, చర్చిలు, అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి పని చేశాయి. మరుసటి ఏడాదికే వేట ఆగింది. 2013లో మూడు పక్షులకు ట్యాగులు వేసి నాగా, పాంగ్టి, వోఖా అని పేర్లు పెట్టారు. అవి అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా వెళ్లాయి. తమ ఊరి పేరున్న పక్షి ఎక్కడుందో తెలుసుకోవాలన్న ఆసక్తి, చట్టం చేయలేని పని చేసింది.

ట్యాగులు అన్ని పక్షులకూ వేయలేం. అందుకే లెక్కింపులు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతోంది. వాలంటీర్లే దీనికి బలం. 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన వివరాలతో 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు వెంటనే రక్షణ కావాలని తేల్చింది.

చేపకు, పక్షికి ఒకటే తలుపు: పులికాట్

దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దీన్ని సముద్రం నుంచి వేరు చేసేది శ్రీహరికోట దీవి. సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే దారులను ముఖద్వారాలు అంటారు. వీటి గుండానే చేప పిల్లలు, రొయ్య పిల్లలు లోపలికి వచ్చి పెరుగుతాయి. ఇసుక మేట వేసి రాయదొరువు లాంటి ముఖద్వారాలు పూడిపోతే మూడు నష్టాలు వరుసగా వస్తాయి. లోపలికి వచ్చే చేపలు తగ్గుతాయి. ఎండల్లో నీరు ఆవిరై ఉప్పదనం విపరీతంగా పెరుగుతుంది. చివరికి లోతు తక్కువ నీళ్లలో ఆహారం వెతుక్కునే ఫ్లెమింగోలకు, చేపల మీద బతికే గూడబాతులకు తిండి కరవవుతుంది. మత్స్యకార గ్రామాల బాధ, పక్షుల బాధ ఇక్కడ వేర్వేరు కావు.

పూడిక తీస్తే ఫలితం ఉంటుందా? చిలికానే సమాధానం. పూడికతో దెబ్బతిన్న చిలికాను 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో పెట్టారు. 2000 సెప్టెంబర్‌లో అక్కడ సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. కొన్నేళ్లలోనే చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో ప్రమాద జాబితా నుంచి చిలికా బయటపడింది. అయితే తవ్వి వదిలేస్తే చాలదు. అలలు ఇసుకను మళ్లీ తెచ్చిపోస్తాయి. ఏటా కొలతలు తీస్తూ కనిపెట్టుకుని ఉండాలి.

ఒప్పందాలు ఏం ఉన్నాయి?

వలస జీవుల రక్షణకు 1979లో జర్మనీలోని బాన్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. భారత్ 1983లో చేరింది. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో దీని సదస్సు జరిగింది. మన దేశం ఉన్న పక్షుల మార్గాన్ని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. ఇది 30 దేశాల మీదుగా సాగుతుంది. 182 జాతుల నీటి పక్షులు దీన్ని వాడుకుంటాయి. వాటిలో 29 జాతులకు ప్రపంచ స్థాయిలో ముప్పు ఉంది.

పక్షులతో పోలిస్తే చేపలకు ఈ స్థాయి శ్రద్ధ దక్కలేదు. కారణం తేలికే. పక్షి కంటికి కనిపిస్తుంది, చేప నీళ్ల అడుగున పోతుంది. హిల్సా విషయంలో భారత్, బంగ్లాదేశ్ వేర్వేరు తేదీల్లో వేట ఆపితే, ఒకరు వదిలిన చేప ఇంకొకరి వలలో పడుతుంది. రెండు దేశాల మత్స్యకారులూ లేవనెత్తే అభ్యంతరం ఇదే.

తరచూ అడిగే ప్రశ్నలు

పులసను చెరువుల్లో పెంచొచ్చా?
పరిశోధనలు జరుగుతున్నాయి. కృత్రిమంగా గుడ్లు పొదిగించడం, పిల్లల్ని చెరువుల్లో పెంచడం ప్రయోగాల స్థాయిలో సాధ్యమైంది. కానీ ఇది చాలా సున్నితమైన చేప, చేత్తో పట్టుకుంటేనే పొలుసులు ఊడి చనిపోతుంది. బొచ్చె, శీలావతిలా రైతు పెంచే స్థాయికి ఇంకా రాలేదు.

ట్యాగ్ ఉన్న చేప లేదా రింగు ఉన్న పక్షి దొరికితే ఏం చేయాలి?
నంబర్ స్పష్టంగా ఫొటో తీయాలి. తేదీ, స్థలం రాసుకోవాలి. పక్షి అయితే అటవీశాఖకు, చేప అయితే మత్స్యశాఖకు చెప్పాలి. బతికున్న పక్షి కాలి నుంచి రింగు తీయకూడదు.

పక్షుల దగ్గరికి డ్రోన్ తీసుకెళ్లొచ్చా?
వద్దు. గూళ్ల మీదుగా డ్రోన్ ఎగిరితే పెద్ద పక్షులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ గందరగోళంలో గుడ్లు, పిల్లలు కింద పడతాయి. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు పడుతుంది.

కొనేవాళ్లు చేయగలిగింది ఏమైనా ఉందా?
ఉంది. అరచేతిలో పట్టే చిన్న విలసలను కొనకుండా ఉంటే చాలు, వాటిని పట్టేవాళ్లు తగ్గుతారు. గుడ్డు చేప కావాలని పట్టుబట్టకపోవడం ఇంకా మంచిది. ఒక్క ఆడ పులస గుడ్లు పెట్టి వెళ్తే, అందులో బతికి పెరిగినవే వచ్చే సీజన్లలో మళ్లీ గోదావరికి రావాలి.